కొయ్యబొమ్మ మనిషి అయిన దారి

పినోకియో పేరు వినగానే మనకు ముందుగా స్ఫురించేది అబద్ధమాడితే పొడవయ్యే ముక్కు. పిల్లలను హెచ్చరించడానికి పెద్దలకు ఇంతకంటె అనువైన బొమ్మ దొరకదు. నేనూ ఆ కథను బాల్యంలో ఒక సంక్షిప్త ప్రతిలోనే చదివి, అబద్ధమాడరాదన్నదే దాని సారాంశమని నమ్మాను. చాలా ఏళ్ళ తరువాత సంపూర్ణ గ్రంథాన్ని ఆంగ్లానువాదంలో చదివినప్పుడు, ముక్కు ప్రస్తావన కథలో బహు స్వల్పమనీ, కొయ్యబొమ్మ మనిషి కావడానికి కారణం వేరొకటనీ గ్రహించాను.

గ్రంథకర్త కార్లో కొల్లోడి (1826-1890) ఇటలీలోని ఫ్లారెన్సు నగరవాసి, పాత్రికేయుడు. ఫ్రెంచి రచయిత పెరో కథలను ఇటాలియనులోకి అనువదించి, ఆ దారిన బాలసాహిత్యంలో అడుగుపెట్టాడు. 1881లో రోము నుంచి వెలువడే పిల్లల పత్రికలో ఈ కథను ధారావాహికగా ఆరంభించాడు. మాట వినని కొయ్యబొమ్మను దొంగలు చెట్టుకు ఉరితీయడంతో 15వ అధ్యాయంలో ముగించాడు. పత్రికవారు, బాలపాఠకులు అందుకు ఒప్పుకోలేదు. మరుసటి ఏడు కథ మళ్ళీ సాగి, 36 అధ్యాయాలతో 1883లో పుస్తకరూపం దాల్చింది. ఉరికొయ్యతో ఆగిపోయి ఉంటే, అది పిల్లలను బెదిరించే కథగానే మిగిలేది.

శిక్షలకు ఈ గ్రంథంలో కొరత లేదు. హితవు చెప్పిన కీచురాయిని సుత్తితో కొట్టి చంపిన రాత్రే, కుంపటి మీద చాచుకొన్న కొయ్యకాళ్ళు కాలిపోతాయి. తరువాత చెరసాల, మెడకు కుక్కగొలుసు, ఆపైన గాడిద రూపం. కష్టం వచ్చినప్పుడల్లా ఇక బుద్ధిగా ఉంటానని ప్రతిజ్ఞ చేస్తాడు. కొత్త వినోదం కంటబడగానే ఆ ప్రతిజ్ఞ గాలికి పోతుంది. భయం వానిని ఏడిపించిందే గాని మార్చలేదు.

అసలు మార్పు చివరి అధ్యాయంలో ఉన్నది. బ్రహ్మాండమైన సొరచేప కడుపులో నుంచి తండ్రి జెప్పెట్టోను తన వీపున మోసుకొని బయటపడి, పినోకియో ఒడ్డువైపు ఈదుతాడు. నీరసించిన ముసలివానికి గ్లాసెడు పాలు కావాలి. చేతిలో కాసు లేదు. చక్రం తిప్పి నూరు బాల్చీల నీళ్ళు తోడితే పాలు ఇస్తానంటాడు తోటమాలి. అంతవరకు ఆ చక్రం తిప్పిన గాడిద పాకలో కొనఊపిరితో ఉన్నది. అది మరెవరో కాదు, బడి మాని తనతోపాటు ఆటల దేశానికి పారిపోయిన నేస్తమే. ఆ గాడిద చేసిన పనికి పినోకియో తానుగా పూనుకొంటాడు. అయిదు నెలలకు పైగా ప్రతిదినం తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడుతాడు. బుట్టలల్లి నాలుగు డబ్బులు సంపాదిస్తాడు. రాత్రివేళ పండ్లరసంలో పుల్లను ముంచి అక్షరాలు దిద్దుకొంటాడు.

కొత్త కోటు కొనుక్కోవాలని 40 రాగినాణాలు తీసుకొని అంగడికి బయలుదేరిన ఉదయాన, తనను కన్నబిడ్డవలె చూసిన దేవకన్య జబ్బుపడి, రొట్టెముక్కకైనా గతిలేక ఉన్నదని ఒక నత్త చెబుతుంది. వెంటనే ఆ సొమ్మంతా నత్తకు ఇచ్చి పంపుతాడు. ఆ రాత్రి పదింటికి పడుకోవడానికి బదులు అర్ధరాత్రి దాకా కూర్చుని, ఎనిమిది బుట్టలు అల్లేవాడు పదహారు అల్లుతాడు. మరునాడు నిద్ర లేచేసరికి మనిషి అయి ఉంటాడు.

కథారంభంలో మంచు కురుస్తుండగా జెప్పెట్టో తన ఒంటి మీది కోటు అమ్మి వానికి వాచకం కొన్నాడు. పినోకియో ఆ వాచకాన్ని బొమ్మలాట చూడడానికి అమ్ముకొన్నాడు. కథాంతంలో కోటు వదులుకొన్నవాడు పినోకియోయే. నాడు తండ్రి చేసిన పనినే, ఎవరూ చెప్పకుండా, నేడు కొడుకు చేశాడు. కలలో కనిపించిన దేవకన్య కూడా, కష్టంలో ఉన్న తల్లిదండ్రులను ప్రేమతో ఆదుకొన్న పిల్లలు విధేయతకు ఆదర్శప్రాయులు కాకపోయినా ప్రశంసకు పాత్రులేనని అంటుంది. బాలనీతి గ్రంథమని పేరుపడిన పుస్తకంలో ఈ మాట ఉండడం విశేషం.

కథను కుదించేవారికి ముక్కును ఉంచి బుట్టలను తీసివేయడం తేలిక. ఇంట్లో మనం చేసేదీ తరచు అదే. పిల్లవాడు ఆడిన అబద్ధం మనకు ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంటుంది. అడగకుండా వాడు చేసిన మేలు సాయంత్రానికే మరుపున పడుతుంది. ఈసారి ఈ కథ చెప్పే పెద్దలు ముక్కు దగ్గర ఆగిపోక, ఆ పదహారు బుట్టల దాకా చెప్పాలని నా కోరిక.