కొల్లేటి వాకిట్లో జమ్ము నాటండి

మాది కొల్లేటి పక్క ఊరు. వరి చేలో యూరియా చల్లిన మర్నాడే పెద్ద వాన పడితే నా డబ్బు ఏ దారిన పోతుందో నాకు తెలుసు. చేలోంచి బోదెకు, బోదెలోంచి డ్రెయిన్‌కు, అక్కడినుంచి కొల్లేటికి. చేపల చెరువుల నీరూ అందులోనే కలుస్తుంది. ఆ నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క నీళ్లు కనపడకుండా అల్లుకుంటుంది.

ఏటా డెక్క తీయించడం కన్నా, డ్రెయిన్ సరస్సులో కలిసేచోట లోతు తక్కువ మడుగులు కట్టి జమ్ము పెంచడం మేలు. అక్కడ నీటి వేగం తగ్గుతుంది. భాస్వరం పట్టుకున్న ఒండ్రు అడుక్కి దిగుతుంది. గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చేస్తుంది. అయితే జమ్మును కోయకుండా వదిలేస్తే కుళ్లి, తిన్నదాంట్లో చాలా భాగం మళ్లీ నీళ్లలోనే కలుపుతుంది. అందుకే కోత కూలికి డబ్బు కేటాయించని పథకం నాకొద్దు.

అమెరికాలోని ఫ్లోరిడాలో చెరకు పొలాల భాస్వరం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలోకి పోకుండా ఇలాంటి మడుగులతోనే అడ్డుకుంటున్నారు. వాటి విస్తీర్ణం 50 వేల ఎకరాలు దాటింది. మన కొల్లేటికీ అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా 2002లోనే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. డ్రైనేజీ ఇంజనీర్లకు నా విన్నపం: ఒక్క డ్రెయిన్ దగ్గరైనా, వచ్చే వేసవిలోనే ఈ పని మొదలుపెట్టండి.