పరుగు మనది, ఫీజు ఎవరికి?

కొండ మీది గూడెం నుంచి రోజూ బడికి దిగి, మళ్లీ ఎక్కే పిల్లవాడు. పరుగు అతనికి ఎవరూ నేర్పలేదు. మండల పోటీల్లో చెప్పుల్లేకుండా పరుగెత్తి మొదట వచ్చాడు. ఆ వారంలోనే పట్నం నుంచి ఒక అకాడమీ మనిషి వాళ్లింటికి వచ్చాడు. "మీవాడికి రైల్వేలో ఉద్యోగం ఖాయం" అన్నాడు. నెలకు 8,000 ఫీజు, హాస్టల్ ఖర్చు వేరే. 1/70 చట్టం ఉంది కాబట్టి భూమి పోలేదు గానీ, రెండేళ్ల జీడిపంట కాయకముందే షావుకారు చేతికి పోయింది. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు మోకాలి నొప్పితో, నాలుగు ప్రైవేటు పోటీల సర్టిఫికెట్లతో ఇల్లు చేరాడు. పదో తరగతి పరీక్ష కూడా పోయింది.

అకాడమీలన్నీ మోసమని మేం అనడం లేదు. షూటింగ్, టెన్నిస్ లాంటి ఆటలకు ఖరీదైన సామాను కావాలి, అది మన బడుల్లో లేదు. మేం అడిగేది ఒక్కటే. ఫీజు మీద బతికే అకాడమీకి మన బిడ్డ గెలుపుతో పనేమిటి? గెలిచినా ఓడినా నెల తిరిగితే డబ్బు వస్తుంది. వందమంది ఫీజు కడితే, గెలిచిన ఇద్దరి ఫొటోలు గేటుకు కడతారు. మిగతా తొంభై ఎనిమిది మంది ఏమయ్యారో ఆ గేటు చెప్పదు.

గెలిచినవాళ్లు వచ్చిన దారి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె ప్రభుత్వ గురుకుల విద్యార్థిని. ఒడిశా సుందర్‌గఢ్ ఆదివాసీ దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్‌లో హాకీ ఆడాడు. ఎదిగింది రూర్కెలాలోని పాన్‌పోష్ ప్రభుత్వ క్రీడా హాస్టల్లో. రాంచీ దగ్గర ఆటో నడిపే తండ్రి కూతురు దీపికా కుమారి 2006లో టాటా ఆర్చరీ అకాడమీలో చేరితే, అకాడమీయే ఆమెకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చింది. అదీ ప్రైవేటుదే. తేడా తెలిసిందా? గెలుపు కావలసినవాళ్లు బిడ్డ దగ్గర తీసుకోరు, బిడ్డకు పెడతారు.

మనకూ అలాంటి దారులున్నాయి. హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉంది. ఎంపికలో నెగ్గితే చాలు. స్కూల్ గేమ్స్ పోటీలు మండలం నుంచి జాతీయ స్థాయి దాకా బడి ద్వారానే సాగుతాయి. మరి ఆ పిల్లవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? మేమే. ఎంపికల సర్క్యులర్ స్టాఫ్ రూమ్ బీరువాలో పడి ఉంది. ఆటల పీరియడ్‌ను లెక్కలకు వాడుకున్నది మేమే. అతని టీసీ రాసిన రోజున ఒక్క ప్రశ్నయినా అడగనిది మేమే. అకాడమీ మనిషిని తిట్టే ముందు ఈ తప్పు ఒప్పుకోవాలి.

యువతీ యువకులారా! మీ గూడేనికి అలాంటి మనిషి వస్తే నాలుగు మాటలు అడగండి. నేర్పే కోచ్ ఏం చదివాడు? ఆడించేది గుర్తింపు ఉన్న సంఘాల పోటీలేనా? ఎందుకంటే క్రీడా కోటాలో చెల్లేవి ఆ సర్టిఫికెట్లే. దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు? మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇస్తారా? జవాబులు కాగితం మీద రాసిమ్మనండి. రాయనివాడికి జీడితోట పంట రాసివ్వకండి.

తోటి ఉపాధ్యాయులారా! ప్రతి ఆశ్రమ పాఠశాలకు ఒక పీఈటీ, ఒక చదును చేసిన మైదానం, పరుగెత్తే పిల్లలకు కాళ్లకు సరిపడే బూట్లు, కడుపుకు సరిపడే గుడ్డు. ఇవి ఐటీడీఏ దగ్గర మనం అడగాల్సినవి. ఒక్కరు అడిగితే అర్జీ. పది బడులు కలిసి అడిగితే బదులు చెప్పక తప్పదు. అంతవరకు కనీసం ఆటల పీరియడ్‌ను ఆటకే వదులుదాం.