పేరు, పేరు, పేరు

కవితలో పాదం ఎక్కడ విరగాలో మనం గంటలకొద్దీ వాదించుకుంటాం. కథల జోలికే పోనివాళ్ళు కూడా తప్పక చదివే వచనం ఒకటుంది: ఆన్‌లైన్ దరఖాస్తు. దాని విరుపుల గురించి ఎవరూ మాట్లాడరు. అది సాహిత్యమా అని అడక్కండి. సరిగ్గా చదవలేకపోతే స్కాలర్‌షిప్ పోయే వచనం అది.

నేనూ ఫారాలు తయారుచేసే వృత్తిలోనే ఉన్నాను. మా మీటింగుల్లో తరచూ వినపడే మాట, "యూజర్లు చదవరండీ." సరే, చదవడానికి అక్కడేం ఉంది? డేటాబేస్‌లో ఒక టేబుల్ ఉంటుంది, దాని కాలమ్‌లన్నీ అదే వరసలో స్క్రీన్ మీద గుమ్మరిస్తారు. మొబైల్ నంబరు తర్వాత కులం, ఆ తర్వాత బ్యాంకు కోడ్, ఆ తర్వాతెక్కడో తండ్రి పేరు. ఆదాయ ధ్రువపత్రం కావాలన్న సంగతి చివర్లో సబ్‌మిట్ నొక్కాక తెలుస్తుంది.

పాత కాగితపు ఫారాన్ని వెక్కిరిస్తాం గానీ దానికో మర్యాద ఉండేది. తిరగేస్తే మొత్తం ఎంతో తెలిసేది. కింద గీత గీసి "కార్యాలయ ఉపయోగము కొరకు మాత్రమే" అని రాసేవారు. ఇక్కణ్ణుంచి తలనొప్పి మాది, నీది కాదు అని.

డిజైన్ బాగుండాలి అనగానే మావాళ్ళు ఇంకో గోతిలో పడతారు. లేత బూడిద రంగు అక్షరాలు, గుండ్రటి అంచులు. ప్రశ్నని గడి లోపలే పెడతారు, టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయం. మధ్యలో ఫోనొచ్చి మాట్లాడి వచ్చేసరికి ఏ గడిలో ఏం అడిగారో తెలీదు. దీన్ని నీట్‌గా ఉంది అంటారు!

సంబంధమున్న ప్రశ్నలు ఒకచోట, ఆ గుంపుకో శీర్షిక, గుంపుల మధ్య ఖాళీ, తప్పుంటే ఆ గడి దగ్గరే మాటల్లో చెప్పడం. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? గుంపు కట్టడానికి ఫీల్డ్‌సెట్, శీర్షిక పెట్టడానికి లెజెండ్ అనే ట్యాగులు 1997 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4 నుంచీ ఉన్నాయి. అవి లేకుండా గీతలతో, రంగులతో మాత్రమే విడగొట్టిన ఫారంలో విద్యార్థి, తండ్రి, సంరక్షకుడు ముగ్గురి వివరాలూ అడిగారనుకోండి. చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ "పేరు" అంటుంది. కాసేపయ్యాక "పేరు". మళ్ళీ "పేరు". ఎవరి పేరు? ఆ రెండు ట్యాగులూ వాడుంటే "తండ్రి వివరాలు, పేరు" అని వినపడేది.

బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ మార్గదర్శకాలు పేజీకి ఒక్క విషయంతో మొదలుపెట్టమంటాయి, చివర్లో జవాబులన్నీ ఒకచోట చూపించమంటాయి. రెండోది కళ్ళకద్దుకుంటాను. మొదటిదాన్ని యథాతథంగా ఎత్తుకొస్తే మాత్రం, సిగ్నల్ అంతంతమాత్రం ఉన్న ఊళ్ళో ప్రతి పేజీకీ చక్రం తిరుగుతూ కూర్చుంటుంది.

బడ్జెట్ లేదు, తర్వాత చూద్దాం అంటారు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం ఆర్టికల్ 21 చెప్పే జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తర్వాత అంటే ఇంకెప్పుడు?

ఈలోపు నెట్ సెంటర్ల గోడలు చూడండి. ఏ దరఖాస్తుకి ఏయే కాగితాలు తేవాలో వరసగా రాసి, శీర్షికల కింద గీత గీసి అతికించి ఉంటుంది. మేం ఎగ్గొట్టిన పని అది. దానికాయన ఫారానికింత అని తీసుకుంటాడు. మా జీతంలోంచి కాదు, స్కాలర్‌షిప్ ఇంకా రాని పిల్ల దగ్గర.