ఒకే ఇంట్లోని రెండు కంప్యూటర్లు మాట్లాడుకోనప్పుడు

ఏలూరులో దుకాణం నడిపే కుటుంబమైనా, కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల లెక్కలు చూసుకునే కుటుంబమైనా నేడు ఒక్క కంప్యూటరుతో సరిపెట్టుకోవడం లేదు. ముందు గదిలో లెక్కలకు ఒకటి ఉంటే, పిల్లల చదువుకు ల్యాప్‌టాప్ మరొకటి ఉంటున్నది. పట్టాదారు పాసుపుస్తకం, పాస్‌పోర్టు, నికాహ్‌నామా, వైద్య పరీక్షల నివేదికలు వంటివన్నీ స్కాన్ చేసి వాటిలో భద్రపరచుకుంటున్నారు. ఇది మంచి అలవాటే. 2024 సెప్టెంబరులో విజయవాడ ఇళ్లను ముంచిన బుడమేరు చివరకు కలిసేది మన కొల్లేరులోనే. తడిసిపోయిన కాగితం ఎంత నష్టం తెస్తుందో ఈ ప్రాంతం వారికి వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే ముందు గదిలోని కంప్యూటరులో ఉన్న ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరవబోతే అది కనిపించదు. లేదా కనిపించి, అనుమతి లేదంటుంది. అప్పుడు చాలామంది ఇచ్చే సలహా ఒక్కటే: "పాస్‌వర్డ్ తీసేయండి, ఫైర్‌వాల్ ఆపేయండి." అలా చేస్తే ఫైలు తెరుచుకోవచ్చు. కాని అది తాళం పడటం లేదని తలుపునే ఊడదీయడం వంటిది. తలుపును అలాగే ఉంచి తాళాన్ని సరిచేసుకునే మార్గాన్ని ఈ నెల వివరిస్తున్నాము. ఇక్కడ చెప్పేవి విండోస్ 10, విండోస్ 11 ఉన్న కంప్యూటర్లకు వర్తిస్తాయి.

మొదట చూడవలసినది, రెండు కంప్యూటర్లూ నిజంగా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నది. సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్‌నెట్ విభాగంలో, ప్రస్తుత కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అడ్రస్ అనే నాలుగు భాగాల సంఖ్య ఉంటుంది. సాధారణంగా ఇళ్లలో మొదటి మూడు భాగాలు రెండు కంప్యూటర్లకూ ఒకటే కావాలి. ఒకదానికి 192.168.1.5 అని, రెండవదానికి 192.168.0.7 అని ఉంటే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్లే. సంఖ్య 169.254తో మొదలైతే ఆ కంప్యూటరుకు రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. అప్పుడు కేబుల్‌ను, రౌటర్‌ను చూసుకోవాలి.

రెండు నెట్‌వర్క్‌లు ఏర్పడటానికి కారణం తరచుగా ఇంట్లోనే ఉంటుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఆ తరువాతి కాలంలో పల్లెల్లోని ఇళ్లకు కూడా ఫైబర్ పెట్టెలు చేరాయి. ఏ సంస్థ కనెక్షన్ అయినా, పై అంతస్తుకు వైఫై అందడం లేదని మనం మరొక రౌటర్ కొని దానికి తగిలిస్తాము. ఆ రెండవ రౌటర్ తన వంతుగా మరొక నెట్‌వర్క్‌ను సృష్టిస్తుంది. ఇంటర్‌నెట్ రెండు చోట్లా వస్తుంది గనుక లోపం ఉందని ఎవరికీ తోచదు. ఆ రెండవ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చితే ఇల్లంతా మళ్లీ ఒకే నెట్‌వర్క్ అవుతుంది. గెస్ట్ వైఫైకి కలిసిన ల్యాప్‌టాప్‌కు కూడా ఇంటి కంప్యూటర్లు సాధారణంగా కనిపించవు. అది అతిథుల కోసం వేరు చేసిన దారి.

రెండవది, ఆ నెట్‌వర్క్‌ను విండోస్ ఏ దృష్టితో చూస్తున్నదన్నది. తాడేపల్లిగూడెంలోని నిట్‌లోనో, వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయంలోనో చదివే పిల్లలు సెలవులకు ల్యాప్‌టాప్‌ను ఇంటికి తెస్తారు. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దానిని చాలావరకు పబ్లిక్‌గా భావించి, ఇతరుల కంట పడకుండా తనను తాను దాచుకుంటుంది. ఇంటి వైఫై ప్రాపర్టీస్‌లో దానిని ప్రైవేట్‌గా మార్చాలి. తరువాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీని, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆన్ చేయాలి. ఒక్కొక్క వైఫైకి ఈ నిర్ణయాన్ని విండోస్ విడివిడిగా గుర్తుంచుకుంటుంది. కనుక హాస్టల్ వైఫైని మాత్రం పబ్లిక్‌గానే ఉంచమని పిల్లలకు చెప్పాలి.

మూడవది పేరు. నెట్‌వర్క్ కిటికీలో కంప్యూటరు పేరు కనిపించనంత మాత్రాన అది అందదని నిర్ణయించుకోకూడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రస్ గడిలో రెండు వెనుక గీతలు పెట్టి (\\) ఆ కంప్యూటరు పేరు టైపు చేసి చూడాలి. పేరుతో తెరుచుకోకపోతే అదే గీతల తరువాత దాని ఐపీ అడ్రస్ ఇవ్వాలి. సంఖ్యతో తెరుచుకుంటే దారి బాగున్నట్లే, పేరును గుర్తించడంలోనే లోపం ఉన్నట్లు. అప్పుడు ఫైలు ఉన్న కంప్యూటరులో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీస్ నడుస్తున్నదో లేదో చూడాలి. కరెంటు పోయి వచ్చాక సంఖ్య మారిపోవచ్చు కూడా. నిన్న పనిచేసిన షార్ట్‌కట్ నేడు పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ చేస్తే ఆ సంఖ్య స్థిరంగా ఉంటుంది. ఫైలు ఉన్న కంప్యూటరు స్లీప్‌లోకి వెళ్లినా అందదని మరువరాదు.

నాలుగవది పాస్‌వర్డ్. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కంప్యూటరును తెరవడానికి మనం వాడే నాలుగంకెల పిన్ ఆ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్ ద్వారా చెల్లదు. అసలు పాస్‌వర్డే లేని అకౌంటును కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు. అందుకే పాస్‌వర్డ్ లేని ఇళ్లలో కూడా అది పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది.

దీనికి పరిష్కారం తేలికైనదే. ఫైళ్లు ఉన్న కంప్యూటరులో ఒక కొత్త లోకల్ అకౌంటును స్టాండర్డ్ స్థాయిలో సృష్టించి, దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టాలి. పంచుకోవలసిన కాగితాలకు ఒక ఫోల్డరు ఏర్పరచి, ఆ ఒక్క ఫోల్డరును ఆ ఒక్క అకౌంటుకు షేర్ చేయాలి. డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేయరాదు, ఎవ్రీవన్ అన్న చోట అనుమతి ఇవ్వరాదు. చూడటానికి మాత్రమే అయితే రీడ్ చాలు. షేరింగ్ ట్యాబ్‌లో ఒక అనుమతి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొక అనుమతి ఉంటాయి. రెండింటిలో ఏది కఠినమైతే అదే అమలవుతుంది. పాత పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో నిలిచిపోయి అడ్డుపడితే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దానిని తొలగించి, కొత్తది ఇవ్వాలి.

ఇంత శ్రమ దేనికని అనిపించవచ్చు. మన ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరి వద్ద ఉందో ఒకసారి తలచుకుందాము. పై వాటాలో అద్దెకున్నవారు, పండుగకు వచ్చిన బంధువులు, పిల్లల స్నేహితులు. వారందరూ మంచివారే కావచ్చు. కాని ఇంటి స్త్రీల ఫోటోలు, అప్పుల లెక్కలు, పొలం కాగితాలు వారి ముందు పరచిపెట్టవలసిన అవసరం లేదు. ఒకరి గదిలోకి వెళ్లేముందు అనుమతి కోరడం మన ఇళ్లలో పిల్లలకు నేర్పే తొలి మర్యాదలలో ఒకటి. కంప్యూటరు అడిగే పాస్‌వర్డ్ కూడా అటువంటిదే.

ప్రమాదం బయటి నుంచి కూడా రావచ్చు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఎన్నో దేశాల్లోని కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే ఎస్ఎంబీ పద్ధతి పాత రూపంలోని లోపమే దానికి దారి అయింది. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లు చిక్కుకున్నాయి. కనుక పాత పరికరం కోసం ఎస్ఎంబీ 1ను మళ్లీ ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే అంగీకరించరాదు. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్‌లో, ప్రో ఎడిషన్ పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని నిరాకరిస్తున్నది. రౌటర్‌కు తగిలించిన హార్డ్‌డిస్క్ ఆ అప్‌డేట్ తరువాత తెరుచుకోకపోతే, ఆ డిస్క్‌కు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఏర్పరచడమే సరైన మార్గం.

చివరగా మరొక మాట. షేర్ చేసిన ఫోల్డరు భద్రపరచిన ప్రతి కాదు. ఒక చోట తుడిచివేస్తే అది అన్ని చోట్లా పోయినట్లే. ముఖ్యమైన కాగితాలను నెలకొకసారి విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దానిని కంప్యూటరు నుంచి తీసి, వరద నీరు అందనంత ఎత్తున దాచాలి. తాతల నాటి కాగితాలు మన చేతిలో అమానతు. వాటిని అందుబాటులో ఉంచడం ఎంత అవసరమో, అందకూడని వారికి అందకుండా చూడటం అంతే అవసరం.