తుప్పు మీద నల్లరంగు

ఖరగ్‌పూర్ తెలుగువాడికి తుప్పు గురించి వేరొకరు చెప్పాల్సి రావడం సిగ్గుచేటు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ ఊరి వర్క్‌షాప్‌లో చెమటోడ్చిన కుటుంబాలు మనవి. పాత ఐసీఎఫ్ రైలుపెట్టె పీఓహెచ్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకు వస్తే అనుభవమున్నవాడి కన్ను ముందు మరుగుదొడ్డి కిందికే పోయేది. మలమూత్రాలు, కడిగిన నీళ్లు పడీ పడీ అక్కడి అడుగు రేకును, సోల్‌బార్‌ను, పిల్లర్ల మొదళ్లను తినేసేవి. మొనదేలిన సుత్తితో కొట్టి చూస్తారు. మొన దిగబడిందా, ఆ మేరకు రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. ప్రైమరూ నల్లరంగూ ఆ తర్వాతి మాట.

అలాంటి ఇళ్లలో పుట్టి, ఇవాళ నింపురాలో, మథురాకాటిలో, మలంచాలో సొంత కారు కొన్నాక చేస్తున్నదేమిటి? పైన వారం వారం షాంపూ, మైనం. కింద ఏముందో వంగి చూసే నాథుడు లేడు. పైన పటారం, లోన లొటారం!

సెలవొస్తే బేల్దా మీదుగా దీఘా, లేదా మందారమణి. ఇసుక మీద కారు తోలడానికే పేరుపడ్డ తీరం అది. కొందరు అలల్లోకి చక్రాలు దించి ఫొటోలు దిగుతారు. ఎగిరిన ఉప్పునీరు చక్రాల గూళ్లలో, తలుపుల కింది సిల్లుల అతుకుల్లో, బ్రేకు గొట్టాల బిగింపుల దగ్గర చేరుతుంది. నీరు ఆరినా ఉప్పు ఆరదు, గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. మన వానాకాలంలో తేమకు కరువేముంది? కారు ఇంటి ముందు కదలకుండా నిలబడి ఉన్నా కింద తుప్పు పని చేస్తూనే ఉంటుంది. తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో అడుగంతా ధారగా కడిగితే చాలావరకు పోయే పీడ ఇది. ఆ కాసేపటి పనికి బద్ధకం!

ఈ బద్ధకం మీద బతికే వ్యాపారం ఒకటుంది. ‘అండర్‌బాడీ కోటింగ్’ పేరుతో బురద కడగరు, తుప్పు గీకరు, తడి ఆరనివ్వరు, తారులాంటి నల్లటి మందు చిమ్మి పంపేస్తారు. కారు ఎక్కించి చూపిస్తే కింద నిగనిగ. యజమాని మురిసిపోయి డబ్బు లెక్కపెడతాడు. ఇది పచ్చి మోసం. అలాంటి పూతను కొన్నాళ్లకు జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవరుతో గీకి చూడండి. అట్ట ఊడినట్టు పెళ్ల లేస్తుంది, దాని వెనక గోధుమరంగు పొడి రాలుతుంది. ఇంకాస్త నొక్కితే స్క్రూడ్రైవరు లోపలికే పోతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను తనే పైకి నెట్టి పగలగొడుతుంది, ఆ పగుళ్లలో మళ్లీ నీరు. సిల్లుల అడుగున నీళ్లు కారడానికి ఉంచిన చిల్లుల్ని కూడా ఈ మందుతో మూసేసే ఘనులున్నారు. ఇక సిల్లు లోపలి నుంచి కుళ్లుతుంది, బయటికి కనిపించేసరికి మిగిలేది వెల్డింగ్ ఖర్చే.

చేయాల్సిన పని మన తాతలకు తెలిసిందే. కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. వైరు బ్రష్‌తోనో గ్రైండరుతోనో మెరిసే ఉక్కు బయటపడేదాకా గీకాలి. చిల్లు పడ్డ చోట పుట్టీ మెత్తడం కాదు, రేకు వేయాలి. జింకు ప్రైమరు పట్టించి, అది ఆరాకే పైపూత. సిల్లుల బోలులోకి, పూత చేరని చోట్లకి, మైనపు మందు కొట్టాలి. సైలెన్సరు మీద, బ్రేకు డిస్కుల మీద, రబ్బరు బుష్‌ల మీద ఏ పూతా పడకూడదు. ఇంట్లోనే చేసుకునేవాళ్లు జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

ఇదంతా అందం గొడవ అనుకునేవాళ్లకు ఒక్క మాట. కారు కింద నడిచే ఉక్కు బ్రేకు గొట్టం సన్నది. అది తుప్పుకు చిల్లిపడితే ఆయిలు కారిపోయి, తొక్కిన పెడల్ నేలకేసి దిగిపోతుంది. వెనక సీట్లో మన పిల్లలే ఉంటారు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం పరీక్షకు పోయినప్పుడు చూసుకుందామని కూర్చుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈసారి కోటింగ్‌కి కారు ఇస్తే అక్కడే నిలబడండి. గీకిన ఉక్కును కళ్లారా చూడనిదే మందు కొట్టనివ్వకండి. చూపించనంటే తాళం తీసుకుని వచ్చేయండి.