గాలివాన ఎవరి పాపం?



వేసవి గాలివానకు పంట పడిపోయిన ప్రతిసారీ కొన్ని ప్రసంగాలు వాట్సాప్‌లో తిరుగుతాయి. అన్నిటిలోనూ ఒకటే విషయం. దేవుని ఉగ్రత దిగింది, ఈ ప్రాంతపు పాపం పండింది, మారుమనస్సు పొందండి. చెప్పేవారు ఫ్యాను కింద కూర్చుని చెబుతారు. వినేవాడు నేలకొరిగిన అరటితోటలో నిలబడి వింటాడు. ఈ బోధ తప్పు. ఇది మెత్తగా సర్దిచెప్పే తప్పు కాదు గనుక గట్టిగానే చెబుతున్నాను.

ముందు గాలి సంగతి చూద్దాం. ఏప్రిల్, మే నెలల్లో మన నేల పెనంలా కాగుతుంది. బంగాళాఖాతం మీదుగా తేమ లోపలికి వస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి కనుమల మీద మబ్బు నిలువుగా కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఆ మబ్బులో చల్లబడిన గాలి వానతో కలిసి ఒక్కసారిగా కిందికి దూకి, నేల తగలగానే పక్కలకు పరుగెత్తుతుంది. ఈదురుగాలి అంటే అదే. అరగంట కూడా ఉండదు. ఆ అరగంటలో మామిడికాయలు రాలతాయి, పాకల రేకులు లేస్తాయి, కోతకొచ్చిన మొక్కజొన్న పడుకుంటుంది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వాటిలో ఏ పిడుగూ ఎవరి విశ్వాసాన్నీ తూచి పడలేదు.

అరటి తోటలో పనిచేసినవారికి ఇంకో సంగతి తెలుసు. అరటికి గట్టి మాను లేదు. మట్టలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని నిలబడే మొక్క అది. గెల ఎంత బరువెక్కితే అంత త్వరగా గాలికి విరుగుతుంది. అంటే వేళకు నీరు పెట్టి, ఎరువు వేసి, బిడ్డలా పెంచినవాడి తోట ముందు పడుతుంది. పట్టించుకోకుండా వదిలేసినవాడి బక్క మొక్క నిలబడుతుంది. ఇది తీర్పే అయితే, కష్టపడినవాణ్ణి కొట్టి సోమరిని విడిచిపెట్టే తీర్పు అవుతుంది. అలాంటి న్యాయాధిపతిని మన దేవుడని ఎలా ప్రకటిస్తారు?

వాక్యం తెరవండి. యోబు పిల్లల్ని చంపింది సుడిగాలే. అరణ్యం వైపునుండి వచ్చి ఇంటి నాలుగు మూలలా కొట్టింది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏదో పాపం ఉండే ఉంటుందని పేజీలకు పేజీలు ప్రసంగించారు. చివరికి దేవుని కోపం ఎవరిమీద రగిలింది? యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే ఎక్కువ దోషులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని ప్రభువే చెప్పాడు. ఆ వెంటనే మారుమనస్సు మాట ఎత్తాడు, నిజమే. ఆ మాట చచ్చినవారి గురించి కాదు, బ్రతికి నిలబడి వారి గురించి మాట్లాడుతున్నవారితో చెప్పాడు.

అమెరికా రైతులకు మన ఈదురుగాలికి పెద్దన్న లాంటి టోర్నడోలు వస్తాయి. 1994 మార్చి 27, మట్టల ఆదివారం, అలబామాలోని గోషెన్ మెథడిస్టు చర్చి మీద ఆరాధన జరుగుతుండగానే టోర్నడో విరుచుకుపడింది. ఆ చర్చిలో 20 మంది చనిపోయారు. వారిలో సంఘ కాపరి నాలుగేళ్ల కూతురు ఉంది. నిర్గమకాండములో వడగండ్లు పడని చోటు పేరు గోషెను, గుర్తుంచుకోండి. బెంగాల్‌లోని జల్పాయిగుడిలో 2024 మార్చి 31న సుడిగాలి ఇళ్లు కూల్చింది. అది పునరుత్థాన ఆదివారం. మన హుద్‌హుద్ కూడా 2014 అక్టోబరు 12, ఆదివారం నాడే విశాఖను తాకింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. ఉగ్రత బోధకులు ఈ ఆదివారాలకు ఏ లెక్క చెబుతారు?

ఆమోసు గ్రంథం మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. తోటలను, ద్రాక్షలను దెబ్బతీశానని దేవుడు చెప్పినట్టు అక్కడ ఉంది. కానీ అదే అధ్యాయం ఎవరిని పిలుస్తూ మొదలవుతుందో చదవండి. దరిద్రులను నలగగొట్టినవారిని. ఆమోసు వేలు ఎత్తింది దంతపు మంచాల మీద పడుకున్నవారి మీద, ఎత్తింది పంట పోయిన కూలివాని మీద కాదు. మన ప్రసంగీకులు ఆ వేలిని తిప్పి బీదవాడి వైపు పెట్టారు.

ఒక తల్లి నన్ను అడిగింది, "అయ్యగారూ, రెండు నెలలు దశమభాగం ఇవ్వలేదు, అందుకేనా తోట పోయింది?" కాదమ్మా అని చెప్పాను. ఆమెకు ఆ అనుమానం ఎవరు నాటారో వారు దేవునికి జవాబు చెప్పుకోవాలి.

అయితే గాలివానలో పాపమే లేదని నేననడం లేదు. ఉంది. అది గాలి ఆగాక మొదలవుతుంది.

మన మండలాల్లో మట్టిలో దిగి సాగుచేసేవారిలో చాలామందికి ఆ మట్టి సొంతం కాదు, కౌలుకు చేస్తారు. విత్తనం వారిది, అప్పు వారిది, అరటికి పోటుపెట్టిన వెదురు గెడల ఖర్చూ వారిదే. పంట 33 శాతానికి మించి దెబ్బతింటే ప్రభుత్వం ఇన్‌పుట్ సబ్సిడీ ఇస్తుంది. ఆ డబ్బు కాగితం మీద ఎవరి పేరుంటే వారి ఖాతాలో పడుతుంది. కౌలుదారుకు కాగితం లేకపోతే పాసు పుస్తకం ఉన్నవారికే వెళుతుంది. వారు గాజువాకలోనో హైదరాబాదులోనో ఉంటారు. గాలి వచ్చిన రోజు వారికి ఒక్క గెల కూడా పోలేదు. ఫోనుకు మెసేజ్ వస్తుంది, డబ్బు ఉంటుంది. వారిలో కొందరు మన సంఘంలో ముందు వరుసలో కూర్చుంటారు.

పొలం కోసినవారి కూలి బిగపట్టిన యజమానుల గురించి యాకోబు ఐదవ అధ్యాయంలో ఏం రాశాడో తెరచి చదవండి. మీ ఖాతాలో పడిన ఆ సబ్సిడీ ఆ కూలి లాంటిదే. కౌలు పూర్తిగా వదులుకుని నష్టంలో పాలుపంచుకున్నవారు ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు. కౌలూ వసూలు చేసి, సబ్సిడీ కూడా ఉంచుకున్నవారితోనే నా పేచీ. అది దొంగతనం. దానికి వేరే మర్యాదైన పేరు నాకు దొరకలేదు.

"సంతకం పెడితే భూమి పోతుంది కదా అయ్యగారూ" అంటారు. 1956 నాటి కౌలుదారీ చట్టం పుట్టించిన భయం ఇది, తండ్రులనుండి బిడ్డలకు వచ్చింది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం వేరు. దాని ప్రకారం ఇచ్చే కార్డు 11 నెలలకే. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ కార్డుతో కౌలుదారుకు చేరతాయి. ఆ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలని చట్టంలో పెట్టారు. పెట్టకూడనిది పెట్టారని నా అభిప్రాయం, బలవంతుని కలం మీద బలహీనుని అన్నం ఆధారపడేలా చేశారు. అయినా కలం మీ చేతిలోనే ఉంది కదా, మీరు విశ్వాసులే కదా.

సంఘాల పేరున భూములున్నచోట కాపరులకూ కమిటీలకూ ఇదే మాట. కౌలు డబ్బుతో చర్చికి రంగులు వేయించేముందు ఆ పొలం చేసేవాడికి కార్డు ఉందో లేదో అడగండి.

ఇంకొక్క సంగతి. హుద్‌హుద్‌కు ఒమాన్ దేశం ఒక పిట్ట పేరు పెట్టింది, కుకుడుగువ్వ పేరు. పేరున్న తుపాను గనుక ముఖ్యమంత్రి వచ్చి విశాఖలోనే మకాం వేశారు. మే నెల సాయంత్రం వచ్చి పది ఎకరాలు పడగొట్టి పోయే గాలికి పేరుండదు, దాని వెంట మంత్రి రాడు, మరునాటి పేపర్లో నాలుగు లైన్లు. అలాంటి చోట సంఘమైనా వెళ్లి నిలబడకపోతే, ఫొటోలు తీసి లెక్క రాయించకపోతే, ఇంకెవరు వెళతారు? ఉగ్రత గురించి మాట్లాడే సోదరులు ఒక టేపు పట్టుకుని రండి, పడిన తోట కొలవడానికి మనుషులు కావాలి.

జూన్‌లో కొత్త కౌళ్లు మాట్లాడుకుంటారు. అంతకుముందే, మే ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బల్ల వేయిస్తాను. కౌలు ఒప్పంద పత్రాలు నా దగ్గర ఉంటాయి. యజమానులు పాసు పుస్తకం, ఆధార్ జిరాక్సులు తెచ్చుకోండి. కౌలు చేసేవారు కూడా తప్పక రండి, సిగ్గుపడవద్దు. డ్యూటీ ఉండి రాలేని ఉక్కు కర్మాగారం సోదరులు ముందురోజు ఫోన్ చేయండి, కాగితం గాజువాకకే పట్టుకొస్తాను.