పొరుగువారి తనిఖీ లేనిదే ల్యాబుకు బలం లేదు

ప్రతి దేశమూ తన ల్యాబులు తానే కట్టుకోవాలి, పొరుగు దేశాన్ని నమ్ముకుంటే ఆపదలో మునిగిపోతాం. కొవిడ్ తర్వాత బాగా బలపడిన వాదన ఇది. వినడానికి ఆత్మగౌరవంలా ఉంటుంది. పాటిస్తే మాత్రం పేద దేశాల రోగుల ప్రాణం మీదికి వస్తుంది.

సొంత ల్యాబు వద్దని ఎవరూ అనడం లేదు. ఒంటరి ల్యాబు చాలదంటున్నాను. డబ్బుంటే యంత్రం కొనొచ్చు. అది ఇచ్చే ఫలితం నిజమో కాదో తేల్చడమే కష్టం. కఫంలో క్షయ క్రిములున్నా నెగెటివ్ అని రాసిస్తే, రోగి నిశ్చింతగా ఇంటికెళ్లి ఇంటిల్లిపాదికీ అంటిస్తాడు. ఆ తప్పు చేసిన ల్యాబుకు అది తనంతట తానుగా తెలియదు. బయటివారెవరో పట్టుకోవాలి.

తూర్పు ఆఫ్రికా దేశాలు ఈ పనే చేసి చూపించాయి. ప్రపంచ బ్యాంకు 2010లో మంజూరు చేసిన నిధులతో కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా తమ ప్రజారోగ్య ల్యాబులను ఒక్క జట్టు చేశాయి. తర్వాత బురుండి చేరింది. ఒక దేశం నిపుణులు మరో దేశం ల్యాబుకు వెళ్లి తనిఖీ చేశారు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రాస్తున్నారా? రీఏజెంట్ల గడువు దాటిందా? కిందటిసారి దొరికిన లోపం సరిదిద్దారా? ఇలా ఒక్కొక్కటీ చూసి మార్కులు వేశారు. డబ్ల్యూహెచ్‌ఓ ఆఫ్రికా విభాగం పెట్టిన స్లిప్టా పద్ధతిలో ఆ మార్కులను బట్టి సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలు వస్తాయి. సొంత శాఖ అధికారి మొహమాటపడి వదిలేసేది పొరుగువారు వదలరు. ఉగాండా రాజధాని కంపాలాలోని క్షయ ల్యాబు 2013లో ఇతర దేశాల ల్యాబులకు దన్నుగా నిలిచే అంతర్జాతీయ రిఫరెన్స్ ల్యాబు హోదా అందుకుంది.

సరిహద్దులు మూసేస్తే గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు 2020లోనే ఉంది. ఆ ఫిబ్రవరి మొదట్లో ఆఫ్రికా మొత్తంలో కరోనా పరీక్ష చేయగల ల్యాబులు రెండే, ఒకటి సెనెగల్‌లో, ఇంకొకటి దక్షిణాఫ్రికాలో. ఆ నెలలోనే సెనెగల్ రాజధాని డకార్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డజనుకు పైగా దేశాల సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. తర్వాత విమానాలు ఆగిపోయాయి. కానీ పని నేర్చుకున్నవాళ్లు అప్పటికే తమ దేశాలకు చేరుకున్నారు.

ఒకరి ఫలితాన్ని ఒకరు నమ్మకపోతే ఏమవుతుందో అదే ఏడాది కెన్యా, ఉగాండా సరిహద్దులోని మలబాలో కనిపించింది. పరీక్షల కోసం లారీలు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. డ్రైవర్లు రోజుల తరబడి రోడ్డు మీదే పడిగాపులు పడ్డారు.

కాబట్టి శాంపిళ్లు సరిహద్దు దాటడానికి అనుమతులు, పరస్పరం ఫలితాలను ఒప్పుకునే ఒప్పందాలు ఆపద రాకముందే కుదరాలి. దాతల నిధులు అయిపోయినా తనిఖీలు ఆగకుండా ప్రభుత్వాలు బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. పొరుగువారికి తలుపు మూసుకున్న ల్యాబును స్వావలంబన పేరుతో సమర్థించడం మానాలి. దాని తప్పులకు మూల్యం చెల్లించేది మంత్రులు కాదు, రోగులు.